తడబడే తూకం

ముప్పై ఒక్క ఏళ్ళు తూనికలు కొలతల శాఖలో చేశాను.
బ్యూట్ నుంచి డిల్లన్ దాకా
ఏ కొట్లో కాటా ఎటు మొగ్గుతుందో
కళ్ళు మూసుకుని చెప్పేవాణ్ణి.
ఇప్పుడు నా చెయ్యే మొగ్గుతోంది.
డాక్టరు దానికో పేరు పెట్టాడు,
నేను గుర్తుపెట్టుకోలేదు.

గురువారాలు క్లబ్బులో పిస్టల్ పోటీ.
యాభై తూటాలు. బేస్‌మెంట్లో నేనే నింపుకుంటాను,
కాల్చేసిన ఇత్తడి గొట్టాలు కడిగి, ఆరబెట్టి,
మందు తూచి పోసి.
మా తూకానికి కొలమానం గింజ.
ఒకప్పుడు నిజంగానే బార్లీ గింజ, పౌనుకి ఏడువేలు.
అందులో పదోవంతు కోసం
చెంచా అంచుని వేలితో తడుతుంటే
మందంతా విత్తనాలు చల్లినట్టు నేలమీద పడింది,
నవంబరులో, రెండుసార్లు.
లోరీన్ చీపురు తెచ్చింది.
ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

అందుకే కొరిన్ బగ్‌బీ కొట్టుకి వెళ్ళాను,
తనంతట తనే తూచి పోసే యంత్రం కోసం.

గాజు బల్లమీద రెండు పెట్టింది.
ఒకటి ఏడొందల డాలర్లు. నల్లగా, నున్నగా.
మీట నొక్కితే గుర్రున పోసి
చివర్లో నెమ్మదించి, ఒక్కో పలుకూ రాల్చి
టక్కున ఆగి అంకె చూపిస్తుంది.
రెండోది మూడొందలు. వెలిసిన పచ్చరంగు డబ్బా.
వేడెక్కడానికే ఇరవై నిమిషాలు కావాలట,
ట్యూబులైటు కింద పెట్టకూడదట,
పక్కన ఫోను ఉంటే అలుగుతుందట.
"ముసలి మొగుడిలాగే," అంది కొరిన్.

జేబులోంచి నా తూకం రాళ్ళ పెట్టె తీశాను.
రిటైరైన రోజు శాఖకి తిరిగి ఇవ్వాల్సినవి.
ఇవ్వలేదు. రాసుకోండి.

పట్టకారుతో, వణుకుతూనే, పెట్టాను.
నల్లది: సరి. సరి. సరి.
మూలనున్న హీటరు గాలి ఊదింది. సరి.
బల్లని మోకాలితో తన్నాను. సరి.
పచ్చది: సరి. సరి. గాలి తగలగానే
పైకో పదోవంతు, కిందికో పదోవంతు,
చివరికి అంకెనే మింగేసి
రెండు గీతలు చూపిస్తూ మినుకుమంది:
నాకు తెలియడం లేదు, ఆగు.

గస్ పావ్లిచ్ గుర్తొచ్చాడు.
వాకర్‌విల్‌లో మాంసం కొట్టు.
ఇరవై ఏళ్ళలో ఒక్కసారీ ఆయన కాటా ముల్లు
ఊగగా చూడలేదు నేను.
తలుపు దబాలున మూసినా, గని లారీ వెళ్ళినా ఊగేది కాదు.
మెచ్చుకుని మరీ ముద్ర వేసేవాణ్ణి.
కొట్టు అమ్మేసిన రోజు విప్పి చూస్తే
లోపల ఇరుసుని ఒరుసుకుంటూ
వేలిగోరంత తోలుముక్క.

ఇంకొకటి. రైఫిలు గొట్టంలో రెండుసార్లు పోస్తే
పొంగి పొర్లుతుంది, తప్పు తనే ఒప్పుకుంటుంది.
పిస్టల్‌ది పొట్టిదే గాని కడుపు పెద్దది.
మరిచిపోయి మళ్ళీ పోసినా నోరు మెదపదు.
లైల్ హోక్‌స్ట్రా ఎన్నడూ తడబడిన మనిషి కాదు.
బేస్‌బాల్ చూస్తూ గంటకి రెండొందలు నింపేవాడు.
ఇప్పుడు కాఫీ కప్పు ఎడమచేత్తో పట్టుకుంటాడు.

పచ్చది కట్టివ్వమన్నాను.
"నల్లది ఒక్కసారీ తప్పలేదు కదా?"
అవును. అదే మంచిదేమో కూడా.
నాకు మనసొప్పలేదు, అంతే.

రాత్రి హీటరు ఆపేశాం.
లోరీన్ రెండు స్వెటర్లు తొడుక్కుని టార్చి పట్టింది.
యాభై గొట్టాలు, యాభై బుల్లి నూతులు,
అడుగున ఒకే మట్టానికి నల్లటి నీళ్ళు.
ఒక్కొక్కదాంట్లోకీ ఇద్దరం వంగి చూశాం,
తలలు ఢీకొన్నాయి ఒకసారి.
ముప్పై ఏడో దాని దగ్గర ఆమె ఆగింది.
"ఇదేమిటి, ఇలా ఉంది?"
ఒంపి తూచాను. సరిగ్గానే ఉంది.
అయినా పారబోసి
మళ్ళీ పోశాం.